గుర్రానికి 1/1000, ఇడ్లీకి 1/50: నా కెమెరా టెస్ట్ ఎందుకు మారిందంటే

ఫోన్ రివ్యూలు రాసేవాడికి అన్నిటికంటే భయం పుట్టించే కాల్ కంపెనీ నుంచి రాదు, సొంత చుట్టాల నుంచి వస్తుంది. పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "ఏరా, కదిలేవాటిని బాగా తీస్తుందని నువ్వే కదా రాశావ్?"

రాశాను, నిజమే. అది ముప్పై వేల రేంజ్ ఫోన్. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ తీశాను, వీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లల్ని తీశాను, అన్నీ బాగానే వచ్చాయి. "మోషన్ షాట్స్‌కి ఢోకా లేదు" అని ధీమాగా రాసేశాను. ఆ మాట నమ్మి అన్నయ్య ఫోన్ కొన్నాడు. వాళ్ళ పాపకి పదకొండేళ్ళు, గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. ఆ రోజు మొదటిసారి క్యాంటర్‌లోకి వెళ్ళింది. అన్నయ్య నలభై ఫోటోలు తీశాడు. నలభైలో ఒక్కదాంట్లో కూడా పాప మొహం స్పష్టంగా లేదు. రెండింటిలో అయితే గుర్రానికి ఐదు కాళ్ళున్నాయి.

మొదటి క్యాంటర్ మళ్ళీ రాదు కదా. ఫోన్ వాపస్ ఇచ్చినా రాదు. అందుకే ఈ పాఠం. ఇందులో ఏ ఫోన్ కొనాలో చెప్పను. మీ చేతిలో ఉన్న ఫోన్ ఎక్కడ తడబడుతుందో, దానికి మనమేం చెయ్యొచ్చో చెబుతాను. నాకు వీకెండ్‌లో ఉన్న పిచ్చి రెండే: పొద్దున గుర్రం, ఆ తర్వాత టిఫిన్ ఫోటోలు. ఈ రెండూ కెమెరాలోని ఒకే సెట్టింగ్‌కి రెండు చివర్లు అని నాకు తెలియడానికి ఇంత కాలం పట్టింది.

ముందు ఆ నలభై ఫోటోల సంగతి

నేను స్వారీ నేర్చుకునేది కూడా అక్కడే. ప్రకాశం బ్యారేజ్ దాటి కృష్ణ అవతలి ఒడ్డుకి వెళ్ళి, కరకట్ట దిగితే తోటల మధ్య చిన్న రింగు ఉంటుంది. శీతాకాలం ఏడున్నరకి కూడా మంచు పూర్తిగా విడవదు. వెలుతురు మెత్తగా, చూడటానికి అందంగా ఉంటుంది. మన కంటికి అందంగా ఉన్న ఆ వెలుతురే కెమెరాకి చాలదు.

అన్నయ్య ఫోన్ తీసుకుని ఒక ఫోటో మీద పైకి స్వైప్ చేసి డీటెయిల్స్ చూశాను. షట్టర్ 1/125, ఐఎస్ఓ 50. అంతే, దొంగ దొరికాడు.

లెక్క చూడండి. ఒక మోస్తరు క్యాంటర్ అంటే గంటకు 18 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకి 5 మీటర్లు. షట్టర్ 1/125 సెకను తెరిచి ఉంటే ఆ కాస్త సమయంలో గుర్రం 4 సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. ఫోటో 12 మెగాపిక్సెల్, అంటే అడ్డంగా 4000 పిక్సెల్స్. ఫ్రేమ్‌లో అడ్డంగా 4 మీటర్ల జాగా పట్టిందనుకోండి, ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో మిల్లీమీటర్. 4 సెంటీమీటర్లంటే 40 పిక్సెల్స్ సాగిపోయినట్టు. పాప కళ్ళూ ముక్కూ కలిసి ఒక చారలా మారడానికి అది చాలు.

ఇంకో చిక్కుంది. గుర్రం ఒళ్ళు సెకనుకి 5 మీటర్లు వెళ్తుంటే డెక్క అదే వేగంతో వెళ్ళదు. నేల మీద ఆనిన డెక్క కాసేపు ఆగి ఉంటుంది, గాల్లోకి లేచినప్పుడు ఆ లోటు పూడ్చుకోవాలి కాబట్టి ఒంటి కంటే రెట్టింపు వేగంతోనో, ఇంకా ఎక్కువతోనో ముందుకి విసురుతుంది. కాబట్టి డెక్క దగ్గర బ్లర్ 80 పిక్సెల్స్ దాటుతుంది. అదే షట్టర్ 1/1000 పెడితే ఒళ్ళు 5 పిక్సెల్స్ జరుగుతుంది, డెక్క పది. ఫోన్ స్క్రీన్ మీద అది కంటికి ఆనదు. డెక్క కింద ఎగిరే మట్టి కూడా స్పష్టంగా కావాలంటే 1/2000.

మరి బెంజ్ సర్కిల్ దగ్గర నాకెందుకు బాగా వచ్చాయి? మిట్టమధ్యాహ్నం తీశాను కాబట్టి. ఫోన్ మెయిన్ కెమెరాలో అపర్చర్ దాదాపు అన్ని మోడల్స్‌లోనూ ఫిక్స్‌డ్, ఎఫ్/1.8 దగ్గర్లో ఉంటుంది. పాతకాలపు ఫిల్మ్ లెక్క ప్రకారం నిండు ఎండలో ఎఫ్/16, ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ 1/100 సరిపోతుంది. ఎఫ్/1.8 దానికంటే సుమారు 79 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. అంటే అదే ఎండలో ఫోన్ షట్టర్ దానంతటదే 1/8000 దగ్గరికి పోతుంది. ఆ ఎండలో ఏ ఫోన్ అయినా హీరోనే. నేను టెస్ట్ చేసింది ఫోన్‌ని కాదు, బెజవాడ ఎండని. ఈ మాట ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఫోన్ ఎందుకలా చేసింది?

ఇక్కడ ఫోన్‌ని పూర్తిగా తిట్టడానికి లేదు. దాని ఆటో మోడ్‌కి కొన్ని ఇష్టాలు నేర్పి పంపుతారు. ఐఎస్ఓ పెంచితే ఫోటోలో గరుకు, అంటే నాయిస్, పెరుగుతుంది. గరుకు ఉంటే కొన్నవాళ్ళు కెమెరా బాలేదంటారు. అందుకే చాలా ఫోన్లు వీలైనంత వరకు ఐఎస్ఓ తక్కువ పెట్టి, షట్టర్‌ని నిదానం చేస్తాయి. గోడనో, పువ్వునో, సెల్ఫీనో తీస్తే ఆ నిర్ణయం సరైనదే. ఎదురుగా ఉన్నది దౌడు తీసే జంతువని అది పసిగట్టకపోతే మాత్రం దెబ్బే.

ఐదు కాళ్ళ సంగతేంటంటారా? అది హెచ్‌డీఆర్ పుణ్యం. మీరు బటన్ ఒక్కసారి నొక్కుతారు, ఫోన్ మాత్రం వెంటవెంటనే చాలా ఫ్రేములు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చి కలుపుతుంది. కదలనివి చక్కగా అతుక్కుంటాయి. కదిలేవి ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకోవాలి. సరిగ్గా ఎంచుకోలేనప్పుడు పాత కాలు, కొత్త కాలు రెండూ మిగిలిపోతాయి. ఒక్కోసారి తోక సగం మాయమవుతుంది.

మరుసటి శనివారం అదే ఫోన్‌తో, అదే వేళకి, అదే చోట నిలబడ్డాను. ప్రో మోడ్‌లోకి వెళ్ళి షట్టర్ 1/1000 పెట్టాను. 1/125 నుంచి 1/1000కి వెళ్తే వెలుతురు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది, కాబట్టి ఐఎస్ఓ ఎనిమిది రెట్లు, అంటే 50 నుంచి 400. పోనీ 800 అయినా ఫర్వాలేదు. గరుకు వచ్చింది, అబద్ధమెందుకు. కానీ గుర్రం చెవులు స్పష్టంగా వచ్చాయి. అది మార్వాడీ జాతి గుర్రం, దాని చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. ఆ రెండు కొసల మధ్య సందు ఫోటోలో కనపడిందా లేదా అన్నదే ఇప్పుడు నా షార్ప్‌నెస్ టెస్ట్. ల్యాబ్ చార్ట్ కంటే నమ్మకంగా పనిచేస్తోంది.

అంటే ఆ ఫోన్ హార్డ్‌వేర్‌కి చేతకాక కాదు. చేతనవునని తెలుసుకోవాలంటే కొన్నవాడు ప్రో మోడ్ తెరవాలి, అంతే. కానీ ముప్పై వేలు పెట్టి కొన్న తండ్రి తన కూతురి మొదటి క్యాంటర్ మధ్యలో మెనూలు వెతుక్కోవాలా? వెతుక్కోకూడదనే నా అభిప్రాయం. అందుకే ఆ రివ్యూలో కెమెరా మార్కులు తగ్గించాను, ఎందుకు తగ్గించానో కూడా రాశాను.

పన్నెండు కెమెరాలు, ఒక గుర్రం

ఈ కష్టం మనకి కొత్తగా వచ్చింది కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా అని ఒకప్పుడు పెద్ద వాదన నడిచింది. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రాల ఫారంలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ ట్రాక్ పక్కన వరసగా 12 కెమెరాలు పెట్టాడు. ట్రాక్‌కి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగలగానే ఒక్కో దారం ఒక్కో కెమెరా షట్టర్‌ని విడిపిస్తుంది. తేలిందేమంటే, గాల్లో ఉంటాయి. కానీ చిత్రకారులు అప్పటిదాకా గీసినట్టు కాళ్ళు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

మైబ్రిడ్జ్ దగ్గర ఐఎస్ఓ పెంచే బటన్ లేదు. అందుకే ఆయన మిగతావన్నీ తనకి అనుకూలంగా మార్చుకున్నాడు: మంచి ఎండ చూసుకున్నాడు, వెనక తెల్లటి తెర కట్టాడు, గుర్రం ఎటునుంచి ఎటు వెళ్తుందో ముందే ఖాయం చేసుకున్నాడు. ఈ మూడూ మనకీ ఉచితంగా దొరుకుతాయి. రింగు దగ్గర నేను చేసేది కూడా అదే. సూర్యుడు నా వెనక ఉండేలా నిలబడతాను. గుర్రం వెనక తోట కాకుండా ఖాళీ ఆకాశమో, మట్టికట్టో వచ్చేలా కాస్త వంగుతాను. గుర్రం ఏ మలుపు దగ్గర నా ఎదురుగా వస్తుందో చూసుకుని, అక్కడి నేల మీద ముందే ఫోకస్ లాక్ చేసి కూర్చుంటాను.

టైమింగ్‌కి చెవులు వాడండి. ట్రాట్‌లో రెండే దెబ్బలు వినిపిస్తాయి, టక్ టక్ అని. ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి. క్యాంటర్‌లో మూడు దెబ్బలు, తర్వాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలోనే గుర్రం గాల్లో ఉంటుంది, జూలు పైకి లేస్తుంది. మూడో దెబ్బ వినపడేటప్పటికే బర్స్ట్ నొక్కి ఉంచాలి. ఖాళీ మొదలయ్యాక నొక్కితే ఆలస్యమే. బటన్ నొక్కాక ఫోన్ 0.3 సెకను ఆగిందంటే, సెకనుకి 5 మీటర్ల లెక్కన గుర్రం మీటరున్నర దాటిపోతుంది. ఫ్రేమ్‌లో తోక మిగులుతుంది.

ఈ ఆలస్యాన్ని ఇంట్లోనే కొలవొచ్చు. ల్యాప్‌టాప్‌లో స్టాప్‌వాచ్ తిప్పండి. టెస్ట్ చేసే ఫోన్‌తో దాన్ని ఫోటో తీయండి. మీ వేలు, స్టాప్‌వాచ్ రెండూ కనపడేలా ఇంకో ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ రికార్డ్ చేయండి. వేలు తగిలిన క్షణంలో స్టాప్‌వాచ్ ఎంత చూపించింది, ఫోటోలో ఎంత పడింది, ఆ తేడానే ఆలస్యం. ఇప్పుడు నా ప్రతి రివ్యూలో ఈ అంకె ఉంటుంది.

జూమ్ గురించి ఒక మాట. టెలిఫోటో లెన్స్ చాలా ఫోన్లలో మెయిన్ లెన్స్ కంటే తక్కువ వెలుతురు తీసుకుంటుంది, సెన్సర్ కూడా చిన్నది. పొద్దున మంచులో జూమ్ చేస్తే షట్టర్ ఇంకా నిదానమవుతుంది. మెయిన్ కెమెరాతో తీసి తర్వాత క్రాప్ చేసుకోవడమే మేలు. అల్ట్రావైడ్‌తో దగ్గరికి వెళ్తే మాత్రం తల గుమ్మడికాయంతా, కాళ్ళు అగ్గిపుల్లల్లా వస్తాయి. గుర్రం యజమాని చూస్తే బాధపడతాడు.

ఫోన్ కంటే గుర్రం ముఖ్యం

ఫ్లాష్ ఆఫ్. ఇది సలహా కాదు, రూల్. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనపడుతుంది, కానీ నుదుటికి సరిగ్గా ముందు, తోకకి సరిగ్గా వెనక కనపడదు. ఆ కనపడని చోటు నుంచి చప్పుడు వచ్చినా, వెలుతురు మెరిసినా ముందు బెదురుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. వెనకనుంచి వెళ్ళి లో యాంగిల్ తీద్దామనే ఆలోచన పెట్టుకోకండి. డ్రోన్ అయితే అసలు బయటికే తీయొద్దు.

నేను చేసిన వెధవపని కూడా చెప్పేస్తాను. ఒకసారి నెమ్మదిగా నడుస్తోంది కదా అని జీను మీద కూర్చుని, ఎడంచేత్తో పగ్గాలు, కుడిచేత్తో ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టాను. పక్క కాలవలోంచి కొంగల గుంపు ఒక్కసారి లేచింది. గుర్రం పక్కకి ఒక్క అడుగే వేసింది. ఆ ఒక్క అడుగుకే నా కుడికాలు రికాబులోంచి జారింది, ఫోన్ బురదలో పడింది. నేను జూలు పట్టుకుని ఎలాగో నిలబడ్డాను. మాస్టారు వచ్చి కళ్ళెం పట్టుకుని, కోప్పడకుండా, "రెండు చేతులూ పగ్గాలకే బాబూ. ఫోటో కావాలంటే దిగి తీసుకో" అన్నారు. ఫోన్‌కి ఐపీ రేటింగ్ ఉంది, బతికింది. నా నడుముకి రేటింగ్ ఏదీ లేదు.

అప్పటినుంచి స్వారీ చేసేటప్పుడు ఫోన్ నా జేబులో కూడా ఉండదు, షెడ్‌లో బ్యాగ్‌లో ఉంటుంది.

ఇక టిఫిన్ దగ్గరికి

ఏడున్నరకి గుర్రం దిగితే తొమ్మిదికల్లా గాంధీనగర్ వైపు ఆకలితో వస్తాం. వెన్న వేసిన బాబాయ్ హోటల్ ఇడ్లీ గురించి బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఏ టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నా, ఇందాకటి పాఠం మొత్తం ఇక్కడ తిరగబడుతుంది.

మొన్నోసారి రింగు దగ్గర పెట్టిన 1/1000 మార్చడం మర్చిపోయి ఇడ్లీ ఫోటో తీశాను. ప్లేటు మీద అడ్డంగా నల్లటి చారలు వచ్చాయి. లెన్స్ పాడైందేమో అని గుండె జారింది. విషయమేంటంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. మన కంటికి తెలియదు. ఫోన్ సెన్సర్ మాత్రం ఫోటో మొత్తాన్ని ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. షట్టర్ మరీ వేగంగా ఉంటే కొన్ని వరసలకి బల్బు బాగా వెలిగినప్పటి వెలుతురు, కొన్నిటికి మసకబారినప్పటిది అందుతుంది. అవే చారలు. 1/100 పెడితే ప్రతి వరసకీ ఒక పూర్తి వెలుగు అందుతుంది, 1/50 పెడితే రెండు. ఇడ్లీ ఎక్కడికీ పరుగెత్తదు కాబట్టి 1/50 పెట్టి, మోచేతులు బల్లకి ఆనించండి చాలు.

తర్వాత తెలుపు. తెల్ల ఇడ్లీ, తెల్ల వెన్న, కొబ్బరి చట్నీ, ఫ్రేమ్ నిండా తెలుపే. ఆటో ఎక్స్‌పోజర్ దాన్ని చూసి "అమ్మో వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. ఇడ్లీ బూడిదరంగులోకి దిగుతుంది, నిన్నటి ఇడ్లీలా కనపడుతుంది. స్క్రీన్ మీద తాకి ఎక్స్‌పోజర్‌ని కాస్త పైకి జరపండి, ప్లస్ 0.7 దగ్గర సాధారణంగా కుదురుతుంది. మచిలీపట్నం వెళ్ళి బందరు హల్వా తీసినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముదురు రంగు, పైన నెయ్యి మెరుపు. ఆటో దాన్ని లాగి లాగి వెలిగిస్తే హల్వా మట్టిరంగులోకి వస్తుంది, నెయ్యి మెరిసే చోట తెల్ల మచ్చలు పడతాయి. అక్కడ మైనస్ 0.7. బందరు తొక్కుడు లడ్డుకి అసలు గొడవే లేదు, ఎలా తీసినా బాగుంటుంది. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చిన లడ్డు కదా, ఆ మాత్రం ఉండాలి.

అరిటాకు మీద పెడితే ఇంకో తమాషా. ఫ్రేమ్‌లో పచ్చరంగు మరీ ఎక్కువైతే కొన్ని ఫోన్ల ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని సరిచేయబోయి మొత్తం ఫోటోకి గులాబీ రంగు పులుముతుంది. అన్నం గులాబీరంగులో ఉంటే ఎవరు తింటారు? ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ పగటి వెలుతురుకి లాక్ చేయండి. ఫుడ్ మోడ్ జోలికి మాత్రం పోకండి. కారప్పొడిని ఫైరింజన్ రంగులోకి మార్చేస్తుంది.

పెద్ద సెన్సర్ ఉన్న ఖరీదైన ఫోన్లు ఇక్కడ ఇబ్బంది పడతాయని చాలామందికి తెలియదు. సెన్సర్ పెద్దదైతే ఫోకస్ లోతు తగ్గుతుంది, మరీ దగ్గరికి ఫోకస్ అవ్వదు కూడా. ముందున్న ఇడ్లీ స్పష్టంగా, వెనకున్న సాంబారు మసగ్గా వస్తుంది. ఇంకా దగ్గరికి వెళ్తే ఫోన్ మీకు చెప్పకుండా అల్ట్రావైడ్‌కి మారిపోయి మ్యాక్రో అంటుంది, క్వాలిటీ ఠక్కున పడిపోతుంది. దగ్గరికి వెళ్ళకండి. ఒక అడుగు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి.

ఆవిరి కావాలంటే కిటికీ ప్లేటుకి వెనక, మీ ఎదురుగా ఉండాలి. ఆవిరి వెనకాల ఏదైనా ముదురు రంగు ఉండాలి. ఎదురు వెలుతురు పడ్డప్పుడే ఆవిరి కంటికి కనపడుతుంది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఆవిరి నిలవదు, అలాగని ఫ్యాన్ ఆపమని అడిగితే పక్క టేబుల్ వాళ్ళు ఊరుకోరు. ఇక అన్నిటికంటే ముందు చేయాల్సింది లెన్స్ తుడవడం. మన డెల్టా ఉక్కలో ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద తేమ పడుతుంది, నెయ్యి చేతులతో ఫోన్ పట్టుకుంటే ఇంకో పొర. నాకు చూపించిన "కెమెరా పాడైంది" ఫోన్లలో చాలావాటికి చేతిరుమాలే వైద్యం.

మే నెల వస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. యాపిల్ తన ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెబుతుంది. మనకి పొద్దున తొమ్మిదికే ఆ గీత దాటే రోజులుంటాయి. ఫోన్ వేడెక్కితే స్క్రీన్ మసకబారుతుంది, 4కే రికార్డింగ్ ఆగిపోతుంది. ఫోన్‌ని స్కూటర్ హ్యాండిల్‌కి బిగించి రింగు దాకా వచ్చేవాళ్ళకి కూడా ఒక మాట: ఇంజిన్ ప్రకంపనలు లెన్స్ స్టెబిలైజేషన్‌ని, ఆటోఫోకస్‌ని దెబ్బతీయొచ్చని అదే కంపెనీ 2021లో హెచ్చరించింది. జేబులో పెట్టుకుని రండి.

ఇప్పుడు నా కెమెరా టెస్ట్

ఏ ఫోన్ వచ్చినా శనివారం పొద్దున రింగు దగ్గర ఆటో మోడ్‌లో ఇరవై షాట్లు, ప్రో మోడ్‌లో 1/1000 పెట్టి ఇరవై. చెవుల సందు ఎన్నింటిలో కనపడిందో లెక్కపెడతాను. తర్వాత ట్యూబ్‌లైటు కింద ఇడ్లీ, ఆటోలో ఐదు షాట్లు: చారలు, తెలుపు, రంగు చూస్తాను. ఆటోలోనే రెండు చోట్లా నెగ్గిన ఫోన్‌కే "కెమెరా బాగుంది" అని రాస్తాను. ప్రో మోడ్‌లో మాత్రమే నెగ్గితే ఆ సంగతి విడిగా రాస్తాను, ఎందుకంటే అది నేర్చుకునే ఓపిక ఉన్నవాడికి మంచి ఫోనే. టిఫిన్ దగ్గర మాత్రం నాకు నేనే ఒక గీత గీసుకున్నాను: ప్లేటు వచ్చాక 90 సెకన్లు. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టేయాలి. నాతో వచ్చేవాళ్ళు చల్లారిన ఇడ్లీ తిని తిని విసిగిపోయారు, ఆ తప్పు కూడా నాదే.

అన్నయ్య ఫోన్ మార్చలేదు. 1/1000 సెట్టింగ్‌ని ప్రో మోడ్‌లో సేవ్ చేసి, తెరవగానే వచ్చేలా పెట్టి ఇచ్చాను. సంక్రాంతి వారంలో పాప మళ్ళీ క్యాంటర్ చేసినప్పుడు తీసిన వాటిలో పదకొండు బాగా వచ్చాయి. ఒకదాంట్లో నాలుగు డెక్కలూ నేల మీద లేవు, పాప పళ్ళు బిగబట్టి ఉంది. అయినా అన్నయ్య వాల్‌పేపర్‌గా పెట్టుకున్నది అది కాదు, మొదటి రోజు వచ్చిన ఐదు కాళ్ళ ఫోటో. ఎందుకన్నయ్యా అంటే, "ఇది మొదటిది రా" అన్నాడు.

వచ్చే గురువారం ఇంకో ఫోన్ టెస్టుకి వస్తోంది. శనివారం ఆరు ముప్పావుకి రింగు దగ్గరుంటాను. వర్షం పడకపోతే పాప కూడా వస్తానంది.